మూల తిరిగిన దిండు

ఈ పొద్దున అమ్మవారి పీటగుడ్డ ఆరేస్తుంటే, లేసు అంచు మూల దగ్గర నా వేళ్లు ఆగాయి.

దేవరకొండ బడిలో దిండు మీద గుండుసూదులు గుచ్చి, కండెలకు చుట్టిన దారాలతో లేసు అల్లడం మనిద్దరం నేర్చుకున్నాం, గుర్తుందా నేస్తం? పొడుగు దిండు మీద అంచు చక్కగా సాగేది. మూలకు రాగానే అల్లికను పక్కకు మళ్లించబోతే కండెలు జారి దారాలు చిక్కుపడేవి. అప్పుడు ఇంట్లో నేను అల్లుతున్నది అమ్మవారికి మొక్కిన ఈ పీటగుడ్డ అంచే. విసిగి దారాలు కత్తిరించబోయాను.

రాట్నం తిప్పుతున్న మా అవ్వ ఆగింది. "మొక్కిన దాన్ని కోస్తవా బిడ్డా? రొట్టె కొట్టేటప్పుడు నువ్వు తిరుగుతవా, రొట్టెను తిప్పుతవా?"

పాతచీరలో ఊక కూరి, జొన్నరొట్టెలా చదునుగా, గుండ్రంగా దిండు కుట్టిచ్చింది. అల్లికను దాని మీదికి మార్చి దిండును తిప్పితే, ఒక్క దారమూ తెగకుండా మూల తిరిగింది.

అవ్వ జన్మలో లేసు అల్లలేదు. ఆ మూలను ఇప్పటికీ కళ్లకద్దుకుంటాను.