లక్ష్మీదేవక్క కొలత తీసిన రోజు

పులివెందులలో మా ఇంటి కింది గదిలో ఎవరో కొత్తగా కుట్టుమిషను పెట్టారు. మధ్యాహ్నం పూట ఆ నూనె వాసన మెట్లెక్కి వస్తే చేతిలో పని ఆగిపోతుంది. ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే లక్ష్మీదేవక్క గుర్తొస్తుంది. ఆమె నాకు చుట్టం కాదు. మా ఊరు వేముల నుంచి ఇంటర్ చదవడానికి అక్కడికి వెళ్లి పిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు పక్కింటామె. ఆమె లేకపోతే నేనేమైపోయేదాన్నో.

గొర్రెలు కాసే మా నాయనకు నన్ను డాక్టరును చేయాలని ఆశ. నాకేమో పరీక్ష పేరు వింటేనే ఊపిరాడేది కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేక నన్ను నేనే గాయపరచుకోవడం మొదలుపెట్టాను. నడి వేసవిలో పూర్తి చేతుల చుడీదారు కుట్టమని వెళ్తే, కొలత తీస్తూ అక్క నా చెయ్యి చూసింది. వెంటనే వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవురన్నా కొట్టినారా పాపా?"

"లేదక్కా. నేనే."

"చచ్చిపోవాలని ఉందా?"

"అట్ల కాదక్కా. లోపల శానా కష్టంగా ఉంటాది. ఎవురికి చెప్పాల్నో తెలీదు."

"నాకు చెప్పినావు కదా. ఇంగ నేను చూసుకుంటా," అంది.

చూసుకోవడమంటే, ఆ శుక్రవారం దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నాకు గాలి సోకిందని ఆమె నమ్మకం. నెల తిరక్కుండానే అక్కకు నా చేతి మీద మళ్లీ గాయం కనబడింది. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. "నాది తప్పు పాపా. నీకు కావాల్సింది డాక్టరు. పోదాం పా," అంది. పెళ్లి బట్టలు కుప్పలు పడి ఉన్నా మిషను ఆపి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలి దగ్గరికి నాతో వచ్చింది. తాయెత్తు మాత్రం తీయనివ్వలేదు, మొండి మనిషి.

ఇంట్లో తెలియాలని డాక్టరమ్మ అంటే, అక్క నాయనకు కబురు పెట్టింది. నాయన వచ్చాడు. అక్క నన్ను ఆయన ఎదురుగా కూర్చోబెట్టింది.

"తిట్టేదుంటే నన్ను తిట్టప్పా. బిడ్డ చెప్పేది మాత్రం పూర్తిగా ఇను."

నాయన అంతా విని, "ఆ సదువు లేకుంటే ఏమాయె," అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ అలవాటు ఒక్కసారిగా పోలేదు. మధ్యలో రెండుసార్లు మళ్లీ ఆ పనే చేశాను. "మళ్లీనా?" అని అక్క ఒక్కనాడూ అనలేదు. డాక్టరమ్మ దగ్గరికి ఎప్పుడు పోదామనే అడిగింది. ఆ ఓపికకు నేనెన్ని దండాలు పెట్టినా చాలవు.

మూడేళ్ల కిందట అక్క పోయింది. ఆ వార్త విన్న పూట, మళ్లీ అటు పోతానేమోనని నాకు నేనంటేనే భయమేసింది. నాయనకు ఫోన్ చేశాను. "నాకు బాగాలేదు నాయనా, వచ్చి నా దగ్గర ఉండు," అన్నాను. అలా అడగొచ్చని నేర్పింది అక్కే. ఎందుకని కూడా అడక్కుండా నాయన దొరికిన బస్సెక్కి వచ్చాడు.