భాస్కరం గారు కట్టిన పసుపు చీటీ

మంగళవారం ఉదయం ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా ఫోన్ వరుసగా మూడుసార్లు మోగింది. మూడోసారి ఎత్తితే భాస్కరం గారి భార్య సుభద్రమ్మ గారి గొంతు. "మీ గురువుగారు లేరయ్యా" అన్నారు. ఎక్కడికి వెళ్ళారండీ అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నేనింతవరకు ఎవరినీ అడగలేదు. కూరగాయల కొట్టు పార్కింగ్‌లో, కారులో స్టీరింగ్ ముందు కూర్చున్నవారు కూర్చున్నట్టే దివంగతులయ్యారట. అమెరికాలో మన బాతెల్ ఊరి తెలుగువారికి ఆత్మబంధువు, పరీక్షాదక్షుడు, మితభాషి అయిన భాస్కరం గారి ఆకస్మిక నిర్యాణం నాకింకా నమ్మశక్యంగా లేదు. వాన పడుతుంటే కారు వైపర్లు ఆడుతూనే ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

అంత్యక్రియల రోజున ఎవరో పెద్దమనిషి, "లోకంలో అన్నిటినీ టెస్ట్ చేశాడు గానీ తన గుండెను మాత్రం చూపించుకోలేదు పాపం" అన్నాడు. సుభద్రమ్మ గారు తలెత్తి, "చూపించుకున్నారండీ. పోయిన నెలే ట్రెడ్‌మిల్ పరీక్ష పాసయ్యారు" అన్నారు. నాకు ఆయన తరచూ అనే మాట చెవిలో వినిపించింది: "పాసవడమంటే ఇప్పటిదాకా ఫెయిల్ కాలేదని అర్థం అబ్బాయ్, అంతకంటే ఏం లేదు."

ఒంగోలు నుంచి వచ్చి, ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులు తయారుచేసే కంపెనీలో నాణ్యతా విభాగంలో జీవితమంతా గడిపారు. ఎవరో చేసిన వస్తువును ఎలాగైనా పాడుచేసి చూడటమే ఆయన ఉద్యోగం. ఆ విద్య ఇంటికీ అంటుకుంది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా జేబులో తెల్లరంగు పెన్ను ఉండేది. మా ఇంటి కుక్కర్ పిడి స్క్రూ మీద, పాప సైకిల్ సీటు నట్టు మీద ఆయన గీసిన గీతలు ఇంకా ఉన్నాయి. సగం గీత స్క్రూ తల మీద, సగం పక్కనున్న లోహం మీద ఉంటుంది. స్క్రూ వదులైతే గీత విడిపోతుంది. "గీత కలిసుంటే పడుకో, విడిపోతే లే" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. ఆ కుక్కర్ పిడి ఒకసారి ఊడి, ఉడుకు పప్పు మా ఆవిడ పాదం పక్కన పడ్డాక నవ్వడం మానేశాను.

ఈ రెండు మూడేళ్ళుగా మన పేటలో జరుగుతున్నది మీకు తెలుసు. భారతీయుల ఇళ్ళలో బంగారం ఉంటుందని కనిపెట్టినవాళ్ళెవరో పట్టపగలే పెరటి తలుపుల నుంచి వస్తున్నారు. తల మీద ముసుగు జాకెట్, చేతికి గ్లవ్స్. ఆ కెమెరా వీడియోలు వాట్సాప్‌లో ఇల్లిల్లూ తిరిగాయి. దేవుడి పటం తప్ప ఇంకో ఆయుధమెరుగని మనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిస్టల్ కొన్నారు. ఏళ్ళుగా ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్ళే తెలుగువాడు భాస్కరం గారొక్కరే కాబట్టి, కొన్నవాళ్ళందరూ ఆయన గుమ్మం తొక్కారు. అందులో నేనూ ఒకణ్ణి.

మేము కొన్నవి చాలావరకు విడదీసి మార్చుకునే రకం పిస్టళ్ళు. లోపల ట్రిగ్గర్ ఉన్న చిన్న పెట్టె ఒక్కటే చట్టం లెక్కలో తుపాకీ. పిడి, గొట్టం, పైన జరిగే స్లైడ్ అన్నీ విడివిడిగా దొరుకుతాయి. స్లైడ్ మీద బిగించే చిన్న అద్దమే రెడ్ డాట్ సైట్. అద్దంలో ఒక ఎర్రచుక్క వెలుగుతుంది, ఆ చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి పోతుంది. దీన్ని ఎంచడంలో ఆయన శ్రద్ధ చూసి తీరాలి. "మనది వాన ఊరు. పైన తెరిచుండేది కొంటే లైటు మీద చినుకు పడి చుక్క చెదురుతుంది. మూసుకున్న డబ్బా రకం తీసుకో" అనేవారు. కొత్త సైట్‌ను ఒక పూట ఫ్రీజర్లో పెట్టి, వెంటనే వేడినీళ్ళు తిప్పిన బాత్రూంలో వేలాడదీసేవారు. ఆవిరి అద్దం లోపలికి చేరితే తిరిగి పంపించేయడమే. కింది ప్లేటు ఉక్కుదా కాదా, స్క్రూల పొడవు సరిపోయిందా చూసి, కొలత చూపే రెంచీతో బిగించి, గీత గీసేవారు. బ్యాటరీ ఆరినా ఆరకపోయినా ప్రతి ఉగాదికీ మార్చమనేవారు. పచ్చడి తినేరోజు ఎవరూ మరచిపోరని ఆయన వాదం.

ఒక మిత్రుడు ఆన్‌లైన్‌లో దొరికిన మెత్తటి ట్రిగ్గర్ స్ప్రింగు వేయించుకుని గర్వంగా చూపించబోతే ఆయన ముట్టుకోలేదు. "తయారుచేసినోడు పెట్టింది తీసేసి, నీకు ముద్దొచ్చింది పెట్టావు. రేపు అది పేలకపోతే ఒక బాధ, వద్దన్నప్పుడు పేలితే ఇంకో బాధ. దేనికి నేను పూచీ ఉండాలయ్యా?" అన్నారు. ఆ మిత్రుడికి కోపమొచ్చి ఆరునెలలు మాట్లాడలేదు. మొన్న పాడె మోసినవాళ్ళలో అతనే ముందున్నాడు.

ఎవరొచ్చినా ముందు కాఫీ ఇచ్చి ఒక ప్రశ్న అడిగేవారు: "తలుపు దగ్గర ఎవరున్నారని అనుకుంటన్నావు?" కొందరు దొంగ అనేవారు. కొందరు తెల్లబోయేవారు. నేను విసుక్కున్నాను. నాకు ముక్కుమీద కోపమని మీలో చాలామందికి అనుభవమే. "సైట్ గురించి అడిగితే మనిషి గురించి అడుగుతారేంటండీ?" అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి, సైట్ ఎంచి పెట్టారు. ఖాళీ పిస్టల్‌తో రోజూ యాభైసార్లు చెయ్యి చాపి, చుక్క అద్దం మధ్యకు వచ్చేలా సాధన చెయ్యమన్నారు. నేను వారం రోజులు చేసి వదిలేశాను.

ఇప్పుడు రాయబోయేది నా భార్యకు కూడా తెలియదు. మామయ్యగారూ, మీరూ ఇదే మొదటిసారి చదువుతున్నారు. నన్ను క్షమించండి.

పోయిన ఏడాది ఆకులు రాలే రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం. మా ఆవిడ పాపను డాన్స్ క్లాసుకు తీసుకెళ్ళింది. మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఉన్న మామయ్యగారు పైన నిద్రపోతున్నారనుకున్నాను. ఆ పొద్దుటే వాట్సాప్‌లో కొత్త వీడియో ఒకటి చూశాను. పెరటివైపు గాజు తలుపు గడగడలాడింది. బయట ముసుగు జాకెట్ వేసుకున్న మనిషి పిడి పట్టుకుని గుంజుతున్నాడు. బొటనవేలి ముద్రతో తుపాకీ దాచే పెట్టె తెరిచి పిస్టల్ ఎత్తాను. అద్దంలో చుక్క లేదు. చుక్క కోసం వెతికాను. అరక్షణమో, క్షణమో. అంతలో, "తలుపు ఇరుక్కుంది బాబూ, కాస్త లోపల్నించి లాగు" అని మామయ్యగారి గొంతు వినిపించింది. వాకింగ్‌కి వెళుతూ వాన పడుతోందని నా నల్లజాకెట్ వేసుకెళ్ళారాయన. గాజు మీద బయటి వెలుతురు పడి ఆయనకు నేను కనపడలేదు. పిస్టల్ పెట్టెలో పడేసి తలుపు తీశాను. పక్కింటావిడ ఇచ్చిందని ఒక ఆపిల్ నా చేతిలో పెట్టారు. ఆయన ముందే తిన్నాను. ఆ క్షణంలో నా వేలు ట్రిగ్గర్ మీద ఉందో లేదో ఎంత తలచుకున్నా గుర్తురాదు.

మర్నాడు గురువుగారి దగ్గరికి వెళ్ళి నేను చేసిన పని సిగ్గుతో చెబుతున్నాను. ఏడవలేదు. ఫిర్యాదు చేశాను. "మీరు ఎంచిన సైటే కదండీ! సమయానికి ఆరిపోయింది!" అని అరిచాను.

"తలుపు దగ్గర ఎవరబ్బాయ్?" అన్నారు.

"మా మామయ్యగారు."

పొయ్యి మీద పాలు పొంగి, సుభద్రమ్మ గారు పరుగెత్తుకొచ్చి కట్టేసేదాకా ఆయన కదల్లేదు. తర్వాత మెల్లగా, "స్లైడ్ మొత్తం ఊడదీసి ఇచ్చిపో. టెస్ట్ చెయ్యాల" అన్నారు. దానికి ఒక పసుపు చీటీ కట్టారు. వాళ్ళ కంపెనీలో అనుమానమున్న సరుకుకు అలాంటి చీటీ కడతారు. దాన్ని హోల్డ్ అంటారు. కట్టిన మనిషే వచ్చి విప్పేదాకా ఆ సరుకును ఎవరూ ముట్టుకోకూడదు. స్లైడ్ లేని పిస్టల్ పేలదు. నా పెట్టెలో మిగిలింది ఒట్టి పిడి.

నెలలు గడిచాయి. అడిగినప్పుడల్లా "తేమ పరీక్ష నడస్తంది" అనో "ఇంకా కుదుపు పరీక్ష ఉంది" అనో అనేవారు. ఒకసారి ఒళ్ళు మండి, "మీకు చేతకాకపోతే చెప్పండి, ఇంకోటి కొనుక్కుంటా" అన్నాను. "కొనుక్కో. దాన్ని గూడా పట్రా, చూస్తా" అని నవ్వారు. నేను కొనలేదు. గురుభక్తి వల్లే కొనలేదని అప్పట్లో చెప్పుకున్నాను. అసలు కారణం భయం. ఈలోగా ఆ సైట్ పనికిమాలినదని కలిసిన ప్రతివాడికీ చెప్పాను. నా మాట విని నాలుగు కుటుంబాలు తమవి వెనక్కి పంపేశాయి.

పదకొండో రోజు భోజనాలయ్యాక సుభద్రమ్మ గారు నన్ను గరాజ్‌లోకి పిలిచి ఒక అట్టపెట్టె ఇచ్చారు. "నీ పేరు రాసుందయ్యా. ఇది మా ఇంట్లో వద్దు, తీసుకుపో" అన్నారు. లోపల నా స్లైడ్, పసుపు చీటీ, ఆయన నోటు పుస్తకం. ఫ్రీజర్ పాస్. ఆవిరి పాస్. కిందపడేసినప్పుడు పాస్. గీత కదల్లేదు. అన్నీ నేను ఇచ్చిన రెండు వారాల్లోపే పూర్తిచేశారు. కింద ఆయన గుండ్రటి చేతిరాత:

"చుక్క ఆరలేదు. వెలుగుతానే ఉంది. అబ్బాయి చెయ్యి వణికి గొట్టం పైకి లేచింది, చుక్క అద్దం దాటి పోయింది. సైట్: పాస్. అబ్బాయి: హోల్డ్."

సత్యవ్రతుడని మనమంతా కొలిచిన మనిషి ఏడాది పాటు నాతో అబద్ధమాడారు. ఆ పుస్తకం మూసి గరాజ్ మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన చెప్పినట్టు రోజూ సాధన చేసి ఉంటే నా చెయ్యి నిలకడగా ఉండేది, చుక్క అద్దం మధ్యలో ఉండేది. అవతల అది ఎవరి మీద ఉండేదో రాయలేను. నా సోమరితనమే మా ఇంటిని కాచింది. ఇలాంటి అదృష్టాన్ని ఆయన నమ్మేవారు కాదు. రెండోసారి దాని మీద ఆధారపడకూడదనే ఆ చీటీ కట్టారు.

వచ్చే నెలలో మామయ్యగారు మళ్ళీ వస్తున్నారు. ఆ నల్లజాకెట్ ఉంచావా, బయట పడేశావా అని ఫోన్లో అడిగారు. నిన్న మా వీధి చివరి ఇంట్లోనే దొంగలు పడ్డారు. వీడియో చూపించి మా ఆవిడ, "మీ గురువుగారి దగ్గర్నుంచి వచ్చేసిందిగా, ఇంక బిగించెయ్యకూడదా?" అంది. బిగించడానికి పది సెకన్లు చాలు.

మన సంఘం సంచికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే ఎదురుగా ఆ పెట్టె ఉంది. నాణ్యత అంటే వస్తువు కంటే ముందు మనిషిని చూడాలని తెలిసిన మహనీయుడు ఆయన. నన్ను నాకంటే బాగా పరీక్షించి, నొప్పి తెలియకుండా ఆపినవారు. మళ్ళీ అలాంటి మనిషి దొరకడు. గురువుగారూ, మీ పాదాలకు నా నమస్కారం. చీటీ విప్పే హక్కు మీ ఒక్కరిదే, మీరేమో వెళ్ళిపోయారు. ఇవాళ నేను విప్పలేదు.