బాలింత గదిలో నిప్పులు

ఆయిల్ రేట్లు మండిపోయిన ఏడాది మా ఇంట్లోకి కట్టెల స్టవ్ వచ్చింది. అమెరికాలో మేముండే పిస్కాటవే చుట్టుపక్కల ఎవరింటికి వెళ్ళినా అప్పుడు అదే మాట. బేస్‌మెంట్‌లో ఆయిల్‌తో నడుస్తూ ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నెస్‌ని తగ్గించేసి, హాల్లో ఇనప స్టవ్ పెట్టుకుని, పెరట్లో కట్టెలు పేర్చుకునేవాళ్ళు. మా పక్కింటి ముసలావిడ మా స్టవ్ చూడటానికి వచ్చి, చిన్నప్పుడు వాళ్ళింట్లోనూ ఇలాంటిదే ఉండేదనీ, ఫర్నెస్ వచ్చాక వాళ్ళ నాన్న దాన్ని పాత ఇనుముకి వేసేశాడనీ చెప్పింది. పచ్చి కట్టె వేస్తే గొట్టంలో మసి పేరుకుని అంటుకుంటుంది, జాగ్రత్త అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవారు. ఏ పని మొదలుపెట్టినా అంతు చూసేదాకా వదలరు. స్టవ్ పెట్టించాక, వేడి బయటికి పోకూడదని కిటికీలన్నిటికీ లోపలివైపు ప్లాస్టిక్ షీట్లు బిగించారు. అంచుల చుట్టూ టేప్. గాలి వస్తే ఆ షీట్లు ఉబ్బి డప్పు కొట్టినట్టు చప్పుడు చేసేవి.

ఆ చలికాలమే పాప పుట్టింది. పురుడు పోయడానికి మా అత్తగారు వచ్చారు. విమానం దిగి, సాక్సుల మీద చెప్పులతో ఇంట్లోకి వచ్చిన మనిషి అన్నిటికన్నా ముందు ఆ స్టవ్ ముందే కూర్చున్నారు.

"ఒరేయ్, అమెరికా అంటే అన్నీ మీటలే అన్నావు కదరా. ఇది మన పొయ్యే!"

"పొయ్యి కాదమ్మా, స్టవ్. దాని డోర్ తెరిచి పెట్టకు, హీట్ అంతా వేస్ట్ అవుతుంది."

"నాకు నేర్పుతాడు చూడమ్మాయ్, నా పొయ్యిలోంచి తీసిన చిలగడదుంపలు తిని పెరిగినవాడు!"

ఆ రోజు నుంచి స్టవ్ ఆవిడదే. ఏ కట్టె ఎప్పుడు వేయాలో, నిప్పు మీద బూడిద ఎంత కప్పాలో ఆవిడకి చెప్పక్కర్లేదు. పొద్దున్న నేను లేచేసరికి హాలు వెచ్చగా ఉండేది. దేశం కాని దేశంలో ఏం చేయాలో తెలియక ఆవిడ బెంగ పడతారేమోనని నేను లోలోపల భయపడ్డాను కానీ, ఆ స్టవ్ ఆవిడకి ఇల్లు దొరికినట్టు చేసింది.

చిక్కల్లా మా పడకగదితో వచ్చింది. అది మేడ మీద, నడవా చివర. హాల్లో వేడి అక్కడిదాకా చేరదు. నాకు చెవుల్లో దూది, తలకి గుడ్డ, రెండు కంబళ్ళు. అయినా అత్తగారికి తృప్తి లేదు. బాలింత గదిలో కుంపటి లేకపోవడమేమిటని రోజూ అనేవారు. మా వైపు అది మామూలే. మంచం దగ్గర కుంపటి పెట్టి, స్నానం అయ్యాక నిప్పుల మీద సాంబ్రాణి, కాస్త వాము వేసి, ఆ పొగకి బిడ్డ జుట్టు ఆరబెడతారు. సాంబ్రాణి పొట్లం ఆవిడ పెట్టెలో చీరల మడతల్లోనే వచ్చింది.

బయట మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం పాపకి నలుగు పెట్టి నీళ్ళు పోశారు. ఆయన ఆఫీసులో ఉన్నారు. అత్తగారు కిందకి వెళ్ళి, పెద్ద ఇనప మూకుడు నిండా స్టవ్‌లోని నిప్పులు తోడుకుని పైకి తెచ్చారు. కింద ఇటుక ముక్కలు వేసి మంచం పక్కన పెట్టారు. సాంబ్రాణి వేయగానే గదంతా మా అమ్మ వాళ్ళింటి వాసన. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పడుకో అమ్మాయ్. నేను కాస్త మిరియాల చారు పెట్టుకొస్తా" అని, తలుపు దగ్గరికి వేసి, వెచ్చదనం పోకుండా కింద సందులో తువ్వాలు చుట్టి తోశారు.

పాపని పక్కలో వేసుకుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. నీరసమేమో అనుకుని పాపకి పాలిద్దామని లేపాను. లేవలేదు. బుగ్గ తట్టాను. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోయింది.

ఏమైందో నాకు తెలియదు. ఊపిరాడటం లేదని మాత్రం తెలుసు. పాపని చంకనేసుకుని, మంచం పట్టుకుని కిటికీ దాకా వెళ్ళి, గోళ్ళతో ప్లాస్టిక్ చీల్చి, అద్దం పైకి తోశాను. మంచుగాలి రివ్వున మొహాన కొట్టింది.

అప్పుడే అత్తగారు చారు గిన్నెతో వచ్చారు.

"పిచ్చెక్కిందా నీకు? పచ్చి బాలింతవి! పసిగుడ్డు! మూసెయ్ అది!"

"అత్తయ్యా, పాప లేవడం లేదు."

"చలికి బిగుసుకుపోయి ఉంటుంది, మూసెయ్యమంటే!" గిన్నె కింద పెట్టి ఆవిడ కిటికీ చట్రం పట్టుకున్నారు. నేను భుజం అడ్డం పెట్టాను. ఇద్దరం నెట్టుకున్నాం. ఆ నెట్టుకోవడంలో పాప తల వెనక్కి వేలాడింది. ఆవిడ చూశారు. చట్రం వదిలేశారు. పాపని నా చేతుల్లోంచి లాక్కుని, రెండు చేతులా పట్టుకుని, ఆ మంచుగాలికే చాచారు.

"అరవవే తల్లీ, ఒక్కసారి అరువు. నీ కాళ్ళకి మొక్కుతా, అరువు."

మంచు రవ్వలు పాప జుట్టు మీద పడుతున్నాయి. చాలాసేపటికి పిల్లికూనలా ఒక చిన్న మూలుగు వినిపించింది. తర్వాత ఏడుపు.

పక్కింటావిడే మమ్మల్ని కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆయన ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వచ్చారు. పాప మొహానికి ఆక్సిజన్ మాస్క్ పెట్టారు, నాకూ పెట్టారు. డాక్టరు ఆయన్ని ఏదో అడుగుతున్నాడు, ఆయన మూకుడు ఎంతుంటుందో చేతులతో చూపిస్తున్నారు. అత్తగారు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"ఏమంటున్నాడ్రా?"

"పాపకి ఏం ఫర్వాలేదమ్మా. రేపటిదాకా అబ్జర్వేషన్‌లో ఉంచుతారంతే."

"నేనడిగింది అది కాదు. నా నిప్పుల వల్లేనా?"

ఆయన వెళ్ళి ఆవిడ పక్కన గోడకి ఆనుకున్నారు. "నిప్పుల్లోంచి వచ్చే విషపు గాలి బయటికి పోవాలమ్మా. కిటికీలు బిగించింది నేనే కదా" అన్నారు.

"మీ అందరికీ పెట్టానురా కుంపటి. నీకూ పెట్టాను." అన్నారావిడ. వాళ్ళది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి వెలుతురే కిందకి దిగేది, పొగ నిలుస్తుందా? ఆ మాట చెబుదామనుకున్నాను, మాస్క్ అడ్డం.

పాప ఇంటికి వచ్చింది. పాలు తాగింది, ఏడ్చింది, అన్నీ మామూలే. అత్తగారే మామూలుగా లేరు. పాపని ఎత్తుకోవడం మానేశారు. నేను నీళ్ళు పోస్తుంటే మెట్ల మీద కూర్చుని చప్పుడు వినేవారు, పైకి వచ్చేవారు కాదు. స్టవ్ దగ్గరికీ పోలేదు. మధ్యాహ్నానికి అది చల్లారిపోయేది. వంటింట్లో శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చునేవారు.

"అమ్మా, నువ్వు చూడకపోతే స్టవ్ ఎవరు చూస్తారు?" అన్నారాయన.

"నాకు టికెట్ మార్పించరా, వెళ్ళిపోతా. నా చెయ్యి మంచిది కాదు."

ఆయన బతిమాలారు. నేనూ బతిమాలాను. బతిమాలినకొద్దీ ఆవిడ ఇంకా ముడుచుకుపోయారు. బిడ్డని మళ్ళీ ఎత్తుకోకుండానే ఈవిడ వెళ్ళిపోతారని నాకు దిగులు పట్టుకుంది.

ఒకరోజు పాపని హాల్లో దుప్పటి మీద పడుకోబెట్టి, కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళాను. పై వరస మంచుకి గడ్డకట్టి అతుక్కుపోయి, ఒక పట్టాన ఊడి రాలేదు. ఈలోపు పాప గుక్కపట్టింది. చేతుల నిండా కట్టెలతో పరుగెత్తుకొస్తూ, గుమ్మం అద్దంలోంచి చూసి ఆగిపోయాను.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, ముందుగా కిటికీ దగ్గరికి వెళ్ళారు. టేప్ ఊడబీకి, ప్లాస్టిక్ పక్కకి లాగి, అద్దం వేలెడంత పైకి ఎత్తారు. ఆ సందు దగ్గర అరచెయ్యి పెట్టి, గాలి తగులుతోందో లేదో చూసుకున్నారు. అప్పుడు వెళ్ళి పాపని ఎత్తుకున్నారు.

ఆ తర్వాత ఎప్పుడు ఎత్తుకున్నా ముందు కిటికీ, తర్వాతే పాప. ఎండ కాసినా, మంచు కురిసినా అంతే.

"హీట్ అంతా పోతోందమ్మా" అని ఆయన ఒకసారి అన్నారు.

"పోనీరా" అన్నారావిడ, పాప మీంచి చూపు తిప్పకుండానే.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ చలికాలం మేము కాల్చిన కట్టెల్లో సగం ఆ సందులోంచే బయటికి పోయి ఉంటాయి. నేను ఇంకో కట్టె వేసేదాన్ని.