ముందు బ్రేకు: ఒకరోజు వదులు, ఒకరోజు బిగువు

మా మామ నాతో నేరుగా మాట్లాడడు. కోపమేం లేదు, మా ఇళ్లలో మామకూ కోడలికీ మధ్య మాట అలాగే నడుస్తుంది. నాకు చెప్పాల్సింది ఉంటే అత్తమ్మకు చెబుతాడు. అత్తమ్మ ఇంట్లో లేకపోతే గోడకు చెబుతాడు. "నల్లా వచ్చినట్టున్నది" అని గోడను చూసి అన్నాడంటే నేను బిందె పట్టుకుని లేవాలి. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ పద్ధతితో నాకే ఇబ్బందీ రాలేదు, బండి ముందు బ్రేకు చెడిపోయేదాకా.

బండి మా ఆయనది. మస్కట్ పోతూ దాన్ని వరండాలో పెట్టి పాత దుప్పటి కప్పిపోయాడు. తర్వాత నాకు పక్క మండలం దవాఖానాలో ల్యాబు ఉద్యోగం దొరికింది. మా ఊరి బస్సేమో నేను అక్కడ ఉండాల్సిన వేళకు ఇక్కడ బయలుదేరుతుంది. అందుకని దుప్పటి తీసి బండి నేర్చుకున్నాను. స్కూటీ అయితే ఎవరూ ఏమీ అనకపోదురు. గేర్ల బండి అయ్యేసరికి మామ ఒక మాట అన్నాడు, అదీ అత్తమ్మతో.

"ఆడిపిల్ల గేర్ల బండి మీద పోవుడేంది? ఏమన్నయితె కొడుక్కు నేనేం జవాబు చెప్పాలె?"

అంతే, మళ్లీ బండి ఊసెత్తలేదు. కానీ పొద్దున నేను బండి దగ్గరికి వచ్చేసరికి అక్కడున్న మామ కాస్తా గబగబా ఇంటి వెనక షెడ్డులోకి వెళ్లిపోయేవాడు. షెడ్డులో మా సాంచలుంటాయి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. నాకసలే ముక్కు మీద కోపం. నా మొహం చూడటం ఇష్టం లేక పోతున్నాడనుకుని, ఆ కసిని కిక్కు మీద చూపించేదాన్ని.

వానలు వెనకబట్టాక బ్రేకు వేషాలు మొదలుపెట్టింది. ఒకరోజు లివరు నొక్కితే మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసేది. మర్నాడు అదే లివరు బిగుసుకుపోయేది, చేయి తీసినా చక్రాన్ని వదిలేది కాదు. దిగి చూస్తే డిస్కు పెనంలా కాలుతుండేది. జబ్బు ఒకటే అయితే మందు వెతకొచ్చు. ఇది వదులు జబ్బా, బిగువు జబ్బా? నా బుర్రకు ఎక్కలేదు.

అలా ఉండగా ఒక పొద్దున మానేరు వంతెన దిగుతుంటే గొర్రెల మంద అడ్డమొచ్చింది. లివరు నొక్కాను. చేతికి ఏమీ తగల్లేదు. వెనక బ్రేకు మీద నిలబడినంత పని చేసి, చిట్టచివరి గొర్రె తోక దగ్గర ఆగాను. కాపరి నన్ను తిట్టను కూడా తిట్టలేదు, నా మొహం అలా ఉందేమో.

ఆ సాయంత్రం మా ఆయనకు ఫోన్లో చెప్పాను.

"బ్రేకు సక్కగయ్యేదాక బండి తియ్యకు" అన్నాడు. "కాకుంటె నౌకరి ఇడిసిపెట్టు. నేను పంపుతనే ఉన్న కద, నీకేం ఫికర్?"

ఫికరు ఎందుకుండదు? ఆ ఉద్యోగం పోతే నేను మళ్లీ షెడ్డులో సాంచలకు నూలు కండెలు చుడుతూ, గోడకు చెప్పే మాటలు వింటూ కూర్చోవాలి. ల్యాబులో నన్ను మేడమ్ అని పిలుస్తారు, నా మొహం చూసి మాట్లాడతారు. అది పోగొట్టుకోవడం నా వల్ల కాదు. బ్రేకు బాగుపడి తీరాలి.

మెకానిక్కేమో బావమరిది పెళ్లని భైంసా వెళ్లాడు. ఆదివారం నేనే పానా పట్టాను. ఫోన్లో వీడియో ఒకవైపు, మస్కట్ నుంచి మా ఆయన ఒకవైపు. వీడియోది హిందీ, ఈయనది కంగారు. ఇద్దరూ చెప్పింది ఒకటే, లోపల గాలి పట్టిందని. గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన లివరు నొక్కిపట్టాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గరున్న నిపిలు అనే చిన్న మర వదులు చేస్తే, గాలీ బ్రేకు నూనే దానికి తగిలించిన గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. నిపిలు మళ్లీ బిగించాకే పైనవాళ్లు లివరు వదలాలి, లేకపోతే బయటి గాలి లోపలికి పోతుంది.

లివరు పట్టడానికి అత్తమ్మ వచ్చింది. పట్టమంటే వదిలేది. వదలమంటే ఇంకా గట్టిగా పట్టేది. తల ప్రాణం తోకకొచ్చింది. బుడగలు కొన్ని వచ్చాయి గానీ లివరు తీరు మారలేదు.

"పైన డబ్బల నూనె ఎంతున్నది?" అనడిగాడు మా ఆయన.

"నిండ ఉన్నది."

"ఎట్ల ఉంటది? ప్యాడ్లు అరిగితె నూనె దిగాలె. నువ్వు పోసినవా?"

"నేను పోయలే."

"మరి ఎవలు పోసిండ్రు?"

నాకేం తెలుసు? హ్యాండిల్ మీదుండే బ్రేకు నూనె డబ్బా మూత స్క్రూలు చూస్తే అరిగి ఉన్నాయి, ఎవరో చాలాసార్లు విప్పినట్టు. సీసాను పిట్టగోడ మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చేసరికి అందులో రెండు రంగులు కనిపించాయి. అడుగున లేత పసుపుది, దాని మీద తేలుతూ మడ్డిగా ఇంకోటి. వాసన చూశాను. నేను రోజూ ఉతికే మామ చొక్కాల వాసన. సాంచ నూనె.

ఒళ్లు మండిపోయింది. కోడలు బండి మానాలని బ్రేకులో నూనె పోస్తాడా ఈ మనిషి? మరుక్షణమే, ఛీ, అంత పని చేస్తాడా అనిపించింది. చేయకపోతే ఈ నూనె ఎక్కడిది? అటూ ఇటూ తేల్చుకోలేక, చివరికి నేనూ ఆయన పద్ధతే పట్టాను. షెడ్డు గోడ వైపు తిరిగి గట్టిగా అన్నాను.

"బ్రేకుల సాంచ నూనె ఎవలో పోసిండ్రు. నేను గొర్ల మందల వడి సచ్చేదాన్ని."

షెడ్డులో సాంచ చప్పుడు ఆగింది. మామ బయటికి వచ్చాడు. చేతిలో పొడుగు ముక్కు నూనె డబ్బా. అత్తమ్మ వైపు తిరిగి చెప్పాడు.

"సాంచకు నూనె ఎయ్యంది నడిపియ్యం కద. బండి సుత గంతే అనుకున్న. రోజు పొద్దుగాల చైనుకు ఏస్త, స్టాండుకు ఏస్త. గా బ్రేకు డబ్బ అద్దంల నూనె దిగినట్టు కనవడ్డది. దిగినప్పుడల్ల పోసిన."

"మరి దానికి ఒక మాట చెప్పద్దా?" అంది అత్తమ్మ.

"ఎట్ల చెప్త?" అన్నాడు మామ.

నేను వచ్చేసరికి ఆయన షెడ్డులోకి పోయేది నూనె డబ్బా దాచుకోవడానికని అప్పుడు అర్థమైంది. నా బండి చైను ఏనాడూ ఎండలేదు, స్టాండు కిర్రుమనలేదు. నా చేతి చలవే అనుకున్నాను. ఇప్పుడు ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవాలా, కాళ్లకు మొక్కాలా? రెండూ చేయలేక ఫోను చార్జింగు పెట్టడానికి లోపలికి పోయాను.

ఆ నూనెకు బ్రేకు రబ్బర్లు ఉబ్బి, ఒకరోజు ఇరుక్కుని బిగుసుకుంటాయట, ఒకరోజు గాలి లాగి వదులవుతాయట. రబ్బర్లు, పైపు, ప్యాడ్లు అన్నీ కరీంనగర్ నుంచి తెచ్చుకుని తర్వాతి ఆదివారం మళ్లీ కూర్చున్నాను. పాత రబ్బరు తీసి కొత్తదాని పక్కన పెడితే, పాతది నానబెట్టిన శనగలా ఉంది. లోపలంతా కడిగి, కొత్తవి వేసి, సరైన నూనె పోశాను. ఇక గాలి తీయాలి. అత్తమ్మేమో చెల్లెలింటికని పెద్దపల్లి పోయింది.

మామ వచ్చి లివరు మీద చేయి వేశాడు. నేను చక్రం దగ్గర కూర్చున్నాను. నిపిలు తిప్పే సందులో గోడకు చెప్పి, గోడ చెబితే వినేంత తీరిక ఉండదు.

"పట్టుండ్రి మామా."

నేను నిపిలు తిప్పకుండా ఆగాను. ఆయన పట్టాడో లేదో కింద ఉన్న నాకు తెలియదు. పైనుంచి ఒక గొంతు వచ్చింది.

"పట్టిన."

నిపిలు వదులు చేశాను. బుడగలు వచ్చాయి. బిగించాను.

"ఇడువుండ్రి."

"ఇడిసిన."

"పట్టుండ్రి."

"పట్టిన బిడ్డా."

ఎండకు కళ్లు నీళ్లు కారుతున్నట్టు కొంగుతో తుడుచుకున్నాను. మామా కోడళ్లం మధ్యాహ్నం దాకా అవే రెండు మాటలు మాట్లాడుకున్నాం, పట్టుండ్రి, ఇడువుండ్రి అని. బుడగలు ఆగిపోయాయి. లివరు గట్టిపడింది, వదిలితే చక్రం హాయిగా తిరిగింది.

మర్నాడు డ్యూటీకి బయలుదేరుతూ బండి దగ్గరికి వచ్చాను. మామ అక్కడే ఉన్నాడు, చేతిలో నూనె డబ్బాతో. ఈసారి షెడ్డులోకి పోలేదు.

"చైనుకు ఏసిన" అన్నాడు. "బ్రేకు డబ్బ మూత ముట్టలే. ఒకసారి బ్రేకు పట్టి సూసుకొని పో."

అలవాటు కొద్దీ నేను గోడ వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు.