వదిన చెయ్యి లేచినంత ఎత్తు

మా వదిన పోయిందన్న కబురు నాకు పానగల్‌లో అందింది. గుడి అరుగు మీద గ్రంథం విప్పుకుని ప్రవచనం చెబుతున్నాను. అన్న కొడుకు ఫోన్ చేసి, "చిన్నాయినా, అమ్మ లేదు" అన్నాడు. ఆత్మకు చావు లేదని అప్పుడే గొంతు చించుకుని చెప్పి ఉన్నాను. అది నిజమే. కాని ఆ క్షణాన నాకు ఆమె ఆత్మ గుర్తుకు రాలేదు. మెడ గుర్తుకు వచ్చింది.

ఆ మెడ ఏళ్ల తరబడి పైకి లేవలేదు. మర్రిగూడ పక్కన మా ఊరు. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో ఆ దిక్కువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. నిటారుగా కాపురానికి వచ్చిన మనిషి, ముప్పై దాటేసరికి కీళ్లు బిగిసి, వెన్ను వంగి, పక్కకు చూడాలన్నా ఒళ్లంతా తిప్పుకోవలసి వచ్చేది. నేను పన్నెండేళ్లకే మగ్గం పనికి పోచంపల్లి పోయాను, అక్కడి నీళ్లు తాగాను, నిలువుగా మిగిలాను. తెలంగాణ వచ్చాక మా ఇంటి నల్లాలోకి నది నీళ్లు వచ్చాయి. వదిన ఒక గ్లాసు పట్టుకుని తాగి, మంచిగానే ఉన్నాయి, జర ముందుగాల వస్తే బాగుండు అంది. అంతే. అదే విషయం మీద నేను ఊరూరా వేదికలెక్కి నిప్పులు కక్కాను.

మగ్గం గుంటలో కూర్చుని అక్షరాలు కూడబలుక్కుని, ఎవరి దగ్గరా శిష్యరికం లేకుండా శాస్త్రం చదివినవాణ్ణి. నామం పెట్టి ప్రవచనాలకు దిగిన నాటి నుంచి వదిన నన్ను పేరుతో పిలవడం మానేసి 'సామీ' అనడం మొదలుపెట్టింది. అది గౌరవం కాదని ఇద్దరికీ తెలుసు. ఒకసారి నన్ను కూర్చోబెట్టి అన్నం పెడుతూ అంది: "సామీ, నీ దేవుడు పైన ఉంటడంటవు. నాకు పైకి చూడరాదు. నాకోసం ఒకణ్ణి కింద పెట్టుమని జెప్పు." నా గ్రంథంలో దానికి జవాబు వెతికాను. ఇప్పటికీ వెతుకుతున్నాను.

అన్న పోయాక ఇంటికి పెద్దను నేనే. అన్న కొడుకుకు పెళ్లయి, పాత వంటిల్లు పడగొట్టి కొత్తది కట్టే నాడు పెత్తనమంతా నాదే. అంతకుముందు వదిన నేల పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చునేది. ఉప్పు, పప్పు, కారం అన్నీ చుట్టూ కిందే, కూర్చున్న చోటి నుంచి చేతికందేవి. నాకది నచ్చేది కాదు. అన్నాన్ని దైవంగా చూడమంది శాస్త్రం, దైవాన్ని నేల మీద పెడతామా అని వాదించి, నిలబడి వండే గట్టు, పై అల్మారాలు, చిమ్నీ కావాలన్నాను. వడ్రంగి మేస్త్రి టేపు తీసి, వండేది ఎవరని అడిగాడు. కోడలని నేనే చెప్పాను. వదిన ఇన్నేళ్లు వండింది చాలు, ఇక కూర్చుని తింటుంది అన్నాను. ప్రేమతోనే అన్నాను. కోడలు పొడగరి. మేస్త్రి ఆమెను నిలబెట్టి, ఆమె చెయ్యి లేచిన మేరకు అల్మారాలు బిగించాడు. పొయ్యికి రెండున్నర అడుగుల పైన చిమ్నీ. వదిన గడపలో నిలబడి మా కాళ్ల వైపు చూస్తూ ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

కొడుకూ కోడలూ పొద్దున్నే నల్లగొండకు నౌకరీకి పోతారు. హాట్‌బాక్సులో వదినకు అన్నం పెట్టి పోతారు. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. వదిన చాయ్ పెడతానని లేచింది. గట్టు ఆమె రొమ్ముల దాకా ఉంది. మూలనున్న కొక్కెం కట్టె తీసి, తల దించుకునే, గుర్తు మీద అల్మారా తలుపును తడిమి లాగింది. తలుపు తెరుచుకుంది. చాపత్త డబ్బా ఆమె భుజానికి తగిలి కింద పడింది. నేను అందుకోబోతే వద్దంది. నేల మీది చాపత్తను చేత్తో ఎత్తుకుంటూ, అడగకుండానే చెప్పింది.

"ఈ చిమ్నీ అంటరు గదా, దాని మొకం నేను ఇప్పటిదాంక చూడలే. చప్పుడు ఇంటున్న, అంతే. పొద్దుందాక ఈ ఇంట్లనే ఉంట, ఇంత చక్కెర కావాలన్నా మాపటికి కోడలొచ్చేదాంక ఆగాలె. నా ఇంట్ల నేను అడుక్కుని తింటున్న సామీ."

ఎన్నో వేదికల మీద పాపులను పేరు పెట్టి పిలిచినవాణ్ణి. ఆ పూట లేచి, పై అల్మారాలోని చక్కెర డబ్బా దించి ఆమె పక్కన పెట్టాను.

మేస్త్రిని మళ్లీ పిలిచాం. అల్మారాలనూ చిమ్నీనీ ఇంకా దించితే మంట అంటుకుంటుందన్నాడు, గట్టే దించితే కోడలి నడుం పోతుందన్నాడు. అప్పుడు కోడలు, అత్తమ్మకు ఎదురు గోడకు వేరే గట్టు, వేరే అల్మారాలు, వేరే పొయ్యి పెడదామంది. నేను గతుక్కుమన్నాను. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగితే ఆ ఇల్లు వేరు పడ్డట్టేనని ఇరవై ఏళ్లుగా అరిచి చెప్పిన నోరు నాది. అత్తాకోడళ్లను విడదీసే రెండో పొయ్యి మీద నాకొక పూర్తి ప్రవచనమే ఉంది. జనం ఏమంటారన్నాను.

"జనం ఏమంటరని నీకు ఫికర్," అంది వదిన. "నాకు చాయ్ ఫికర్."

మేస్త్రి ఆమెను గోడ దగ్గర నిలబెట్టి, "అమ్మా, నొప్పి లేకుంట ఎంత లేస్తదో అంతే ఎత్తు" అన్నాడు. చెయ్యి భుజం దాకా కూడా రాలేదు. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాడు. వదిన ఆ గీతను వేలితో తడిమింది. "ఇంకో నాలుగు వేళ్లు కిందికి పెట్టు బిడ్డా. ముందు ముందు గింత గూడ లేవది." మేస్త్రి నా వైపు చూశాడు. నేను మరో దిక్కుకు తిరిగాను. నాలుగు వేళ్లు కొలిచి, కింద ఇంకో గీత పెట్టాడు.

జనం అననే అన్నారు. సామి ఇంట్ల రెండు పొయ్యిలంట అని నా ముందే నవ్వారు. ఆ ప్రవచనం మళ్లీ చెప్పలేదు. వదిన రెండు చలికాలాలు అక్కడ వండుకుంది. చివరి మూడు నెలలు ఆ కింది అరకు కూడా చెయ్యి అందలేదు. కోడలే వండి తినిపించింది. ఒళ్లే గది అయి, తలుపు లేని గది అయి ఆమెను మూసేసింది. దహనం నాడు కూడా ఆ వెన్ను సాగలేదు, పక్కకు ఒరిగించి పడుకోబెట్టాం. ఏ శ్లోకమూ నన్ను ఓదార్చలేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

కాని వదిన గట్టుకు అల్మారాలు బిగించిన సాయంత్రం ఒకటుంది. మేస్త్రి రంపపు పొట్టు ఊడ్చాక, డబ్బాలు సర్దాక, వదిన మా అందరినీ బయటికి పొమ్మంది. వంటింటి తలుపు దగ్గరికి వేసుకుంది. వాకిట్లో నిలబడ్డాం, నేను, కొడుకు, కోడలు, టేపు చేతిలో పట్టుకుని మేస్త్రి. లోపల ఒక అల్మారా తలుపు తెరుచుకున్న చప్పుడు. మూసుకున్న చప్పుడు. పక్కది తెరుచుకుంది, మూసుకుంది. దాని పక్కది. చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది. పొయ్యి వెలిగించిన చప్పుడు ఎంతకీ రాలేదు. మాలో ఎవరూ కదల్లేదు. లోపల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉన్నాయి.