ఎర్రసిరా చొక్కా కాగితం

వీధిలో అందరూ ఆవిడను దర్జీ పిన్ని అంటారు. ఆవిడ మొగుడు కవి. అంతటితో ఆగినా బాగుండేది, సంపాదకుడు కూడా. చిన్న మాసపత్రిక ఒకటి నడుపుతూ, ఎవరు ఏ కవిత పంపినా సగం ఎర్రసిరాతో కొట్టేసేవాడు. అందుకని ఆయనకు ఎర్రసిరా అనే పేరు ఖాయమైంది. సొంత కవితలకూ అదే గతి. రాసి, దిద్ది, ముఖం చిట్లించి, కుట్టుమిషను పక్కన పడేసేవాడు.

"చెత్త. అవతల పారెయ్."

పిన్ని పారేస్తుందా? మందపాటి కాగితం, పైగా ఊరికే వచ్చింది. దాని మీద కుట్టించుకునే ఒక్కొక్కరి కొలతలు గీసి, చొక్కా ఆకారానికి కత్తిరించి, గోడ మేకుకు గుచ్చేది. ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఆ కాగితం మేకుకు ఉండాలి, మనిషి పోతే పొయ్యిలోకి పోవాలి. అదీ ఆవిడ పద్ధతి.

ఎర్రసిరా పోయిన చాలా ఏళ్లకు ఒక పరిశోధకుడు ఊడిపడ్డాడు. ఆయన రాతప్రతులు కావాలట. పిన్ని మేకు చూపించింది. అతగాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. వెన్నెల మీది కవిత బేకరీ యజమాని పొట్ట చుట్టూ తిరుగుతోంది. విరహమంతా పోస్టుమాస్టరు కాలరులో ఇరుక్కుంది.

"ఇలా కత్తిరించేశారేంటమ్మా!"

"ఆయన సగం కొట్టేశాడు, నేను సగం కత్తిరించాను. ఎవరి పని వాళ్లం చేశాం బాబూ. తీసుకుపో. బేకరీ ఆయనకి ఎలాగూ కొత్త కొలతలు తీయాలి, పొట్ట పెరిగింది."

అన్నీ ఊడదీశాక అడుగున ఒకటి మిగిలింది. అతను చెయ్యి వేయబోతే పిన్ని గబుక్కున లాక్కుంది. అది ఎర్రసిరా సొంత చొక్కాది. పద్ధతి ప్రకారం ఎప్పుడో పొయ్యిలోకి పోవాల్సిందే. తీసినప్పుడల్లా కాల్చడానికి చేతులు రాక మళ్లీ గుచ్చేది.

"ఇందులో ఒక్క ఎర్రగీత కూడా లేదమ్మా!" అన్నాడు అతను మెడ సాచి చూస్తూ.

"ఇదొక్కటే బాగా వచ్చిందన్నాడు. నా చొక్కాకి వాడుకో అని ఆయనే ఇచ్చాడు. ఇది మాత్రం ఇవ్వను. కావాలంటే ఇక్కడే కూర్చుని రాసుకో."

అతను బుద్ధిగా రాసుకుంటూ పోయి, చంక దగ్గర గుండ్రంగా కత్తిరించిన చోట ఆగిపోయాడు. వాక్యం సగంలో తెగిపోయింది.

"ఇక్కడ ఏముండేదమ్మా?"

పిన్నికి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఇంకేముంటుంది బాబూ, ఆయన భుజం."