అంకెలు అక్కరలేని గునియా

మా బావ మీద నాకు కోపం ఈ వయసులోనూ చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు. ఆయన మంచివాడని చెప్పేవాళ్ళు ఎమ్మిగనూరులో చాలామందే ఉన్నారు. ఆ పని వాళ్ళు చూసుకుంటారు, నాకు జరిగింది నేను చెప్తాను.

బావ అంటే మా ఆయనకు అన్న. వాళ్ళది మగ్గాలు చేసే వడ్రంగుల ఇల్లు. నేతవాళ్ళ వీధుల్లో సగం గుంట మగ్గాలు మా మామ చేతి పనే. మామ దగ్గర కొలతలు తీసే కోల ఒకటి ఉండేది. నల్లతుమ్మ చేవతో చేసింది, మూరెడు కంటే కొంచెం పొడుగు, అంచు పొడవునా అంగుళానికొక గాటు. ఆ అంగుళం అంగట్లో అమ్మే అంగుళం కాదు. వాళ్ళ తాత బొటనవేలి వెడల్పు అని చెప్పుకునేవాళ్ళు. మగ్గంలో ప్రతి ముక్కా ఆ గాట్ల లెక్కన పుట్టింది కాబట్టి, ఏది విరిగినా మళ్ళీ ఆ కోలతో కొలిచి చేస్తేనే కుదురుతుంది. నేతవాళ్ళు వేరే వడ్రంగి దగ్గరికి పోయినా రెండు రోజుల్లో తిరిగి మా వాకిట్లోకే వచ్చేవాళ్ళు.

కర్నూలు రాజధాని అయిందని ఊరంతా సంబరపడుతున్న ఏడు మామ పోయాడు. కర్మ అయిపోయిన కొద్ది రోజులకే అన్నదమ్ములు వేరుపడ్డారు. పనిముట్లన్నీ వాకిట్లో పరిచి పంచుకున్నారు. బాడితలు, రంపాలు, ఉలులు అన్నీ సమానంగానే వచ్చాయి, కాదనను. కోల మాత్రం బావ మొదటే చేతిలోకి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. పెద్దవాడు, తీసుకోనీ అనుకున్నాను. మా ఆయన అడిగింది ఒక్కటే.

“అన్నా, ఒగ పొద్దు ఇయ్యి. గాట్లు ఇంకో కట్టెకు ఎక్కించుకొని మళ్ళ తెచ్చిస్తా.”

“ఒగ ఇంట్లో రెండు కోలలుండవు,” అన్నాడు బావ.

“ఇల్లు రెండయింది గదన్నా.”

“అయితే నీ ఇంట్లో కోల లేదు.”

ఆ మాట విని కూడా మా ఆయన తల వంచుకుని ఉలులు గోతంలో సర్దుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కోల ఇవ్వలేదన్నది ఒక మంట, ఈ మనిషికి కోపం రాలేదన్నది రెండో మంట. పక్క వీధిలో ఒక పాత కొట్టం తీసుకుని పని మొదలుపెట్టాం. కోల లేకుండా పని దొరుకుతుందా, దొరక్కపోతే మళ్ళీ అన్న పంచన చేరి కూలివాడిలా బతకాలా అన్నదే మాకు ఆనాడు ప్రశ్న. మా ఆయన రెండోదానికి లోపల్లోపల సిద్ధపడుతున్నాడని నాకు తెలుసు.

మొదటి పనే చెడింది. ఒక ముసలి నేతగాడు, పాతికేళ్ళు మామ మగ్గం మీదే నేసినవాడు, పేక దారం మోసుకుని నాడె పరుగెత్తే పలక విరిగిందని జాలిపడి మా దగ్గరికి వచ్చాడు. మా ఆయనకు మగ్గం కొలతలన్నీ నోటికి వచ్చు. పలక పొడవు ఇన్ని అంగుళాలు, బెజ్జం ఇంత లోతు, దానిలో దూరే కుసి ఇంత మందం అని చిన్నప్పటి నుంచీ ఎక్కాల్లా చదువుకున్నవాడే. తేడా ఎంతుంటుందిలే అనుకుని, బడిపిల్లల అడుగుబద్ద ఒకటి తెచ్చి ఆ లెక్క ప్రకారమే పలక చేశాడు. ఆ లెక్క తాత వేలిది, ఈ అంగుళాలు అంగడివి. ఏ కొలతా కుదరలేదు. కుసి బెజ్జంలో దూరక కొయ్య చీలింది.

ముసలాయన ఆ పలకను భుజాన వేసుకుని వచ్చి మా వాకిట్లో పడేశాడు. ఆ దారిలోనే బావ ఇల్లు. అక్కడ ఆగి చూపించి మరీ వచ్చాడని తర్వాత తెలిసింది. బావ నవ్వాడట. “కోల లేని వడ్రంగి తాళి లేని పెండ్లి చేసినట్లు,” అన్నాడట. ఆ మాట వీధి వీధంతా తిరిగి సాయంత్రానికి మా కొట్టంలోకి వచ్చింది.

మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు. మరునాడు, “అన్న కాళ్ళు పట్టుకుంటే ఇయ్యకపోతాడా,” అన్నాడు.

“పట్టుకో. నేను హాలహర్వికి పోతా,” అన్నాను.

హాలహర్వి మా పుట్టిల్లు. మా నాయన బండ్లు చేసేవాడు. ఆయన దగ్గర కోలా లేదు, అంకెలూ లేవు. పాత చక్రం మీద వెదురు దబ్బ పెట్టి, గోటితో గీత గీసి, ఆ దబ్బను తీసుకొచ్చి కొత్త కొయ్య మీద పెట్టేవాడు. వస్తువు నుంచే కొలత తీసుకోవాలి అనేవాడు. నేను అదే చెప్పాను. మా ఆయనకు అది నామోషీగా తోచింది. “బండికి సెల్లుతాది. మగ్గానికి దబ్బలు పనికిరావు. గోటి మందం తేడా వచ్చినా నాడె ఎగిరి బయట పడుతుంది,” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. దబ్బ వంగుతుంది, వేలు జారుతుంది. పొడవుకైతే దబ్బ చాలు. బెజ్జం లోతుకు, అంచు నుంచి గీత ఎంత దూరంలో పడాలో చూసుకోవడానికి గట్టిగా నిలిచే పనిముట్టు కావాలి. ఆదోనిలో దొరుకుతుందని విన్నాం. బయలుదేరాం.

పత్తి కాలం. ఆదోని ఊరి బయటి నుంచే బండ్లు బారులు తీరి ఉన్నాయి. బస్సు దిగినప్పటి నుంచి గాలిలో పత్తి నూగు, ముక్కులోకి, నోట్లోకి. జిన్నింగు మిల్లుల మోతలో మాట వినబడదు. ఆ ఊరంటే నాకు ఎప్పుడూ పడదు. అందరూ అమ్మడానికో కొనడానికో తిరుగుతుంటారు, ఒక్కరూ పక్కకు తప్పుకోరు.

ఇనుప సామాన్ల అంగడి ఒక సాయిబుది. మేం వచ్చిన పని చెప్పగానే మా ఆయన ముందు మడత బద్ద ఒకటి పెట్టాడు. పసుపుపచ్చ కొయ్య, ఇత్తడి కీళ్ళు, నాలుగు మడతలు పెడితే నడుం సంచిలో పడుతుంది. మా ఆయన దాన్ని విప్పి, మడిచి, మళ్ళీ విప్పాడు. ముఖం వెలిగిపోయింది.

“మిల్లు ఫోర్‌మన్లంతా ఇదే పట్టుకుపోతాండారు. పక్కా మాలు,” అన్నాడు సాయిబు.

“మళ్ళ అంకెలేనా? అంకెలతోనే గదా మునిగినాము,” అన్నాను నేను.

సాయిబు నా వైపు చూడకుండా మా ఆయనతో, “మీ ఇంట్లో పెద్ద ఎవరప్పా?” అన్నాడు. గిరాకీలు నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్ను బయట నిలబడమని కళ్ళతోనే చెప్పాడు. నేను కదల్లేదు.

రెండోది తగరం డబ్బీలో చుట్టుకునే ఉక్కు టేపు. లాగితే గలగలమంటూ వచ్చింది, వదిలితే పాములా లోపలికి పోయింది. అదీ అంకెలే. అలమరలో కింది అరలో ఒక చిన్న మూలమట్టం కనబడింది. సాయిబు దాన్ని గునియా అన్నాడు. మా ఇంట్లో ఉన్న మూలమట్టం కదలదు, మూల సరిగ్గా ఉందో లేదో చెప్తుంది, అంతే. ఇది అలా కాదు. అరచేతిలో పట్టేంత ఇనుప దిమ్మె, దానిలో జరిగే ఉక్కు పట్టీ, పట్టీని ఎక్కడ కావాలంటే అక్కడ బిగించే మర. పట్టీని బెజ్జంలోకి అడుగు తగిలేదాకా దించి మర బిగిస్తే లోతు దానిలో ఉండిపోతుంది. అదే దిమ్మెను కొయ్య అంచుకు ఆనించి, పట్టీ కొసన సూది పెట్టి లాగితే గీత పడుతుంది. లోతు తీసేదీ అదే, గీత వేసేదీ అదే. ఎన్ని అంగుళాలో తెలియాల్సిన పనే లేదు.

“ఇది ఇయ్యన్నా,” అన్నాను.

“దానిమీద గీతలు సన్నవమ్మా, మీకు కనపడవు.”

“గీతలు నాకొద్దు. మర నిలుస్తుందా లేదా చూడల్ల.”

మర గట్టిగా బిగించి, అంగడి గడప రాతి మీద పట్టీ కొసను టపటపా కొట్టాను. సాయిబు లేచి నిలబడ్డాడు. “సరుకును రాతికేసి కొడతారా ఎవరన్నా?” అన్నాడు. కొట్టిన దెబ్బలకు పట్టీ కొంచెం లోపలికి జరిగింది. అతనికి చూపించాను. ఇంకొకటి తియ్యమన్నాను. గొణుక్కుంటూ తీశాడు. అదీ జరిగింది. మూడోదాన్ని అతను నా చేతికి ఇవ్వనన్నాడు. తానే కొడతానన్నాడు. పూలతో కొట్టినట్టు రెండుసార్లు తాకించాడు. నేను లాక్కుని నా పద్ధతిలో కొట్టాను. అది కదల్లేదు.

మా ఆయన ఇంకా మడత బద్ద పట్టుకునే ఉన్నాడు. “ఇది చాలా బాగుందే,” అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళకు అది ఫోర్‌మన్ గౌరవంలా కనిపించి ఉంటుంది. “ఏమయ్యా, నీకు కావాల్సింది జేబులో పెట్టుకొని తిరిగేదా, మీ అన్న మొగం మీద కొట్టేదా?” అన్నాను. నలుగురిలో అలా అనకూడదు. అన్నాను. ఆయన మడత బద్ద కింద పెట్టాడు. ధర దగ్గర సాయిబుకూ నాకూ జరిగిన పోట్లాట ఇక్కడ చెప్పను, గెలిచింది నేనే.

ఊరికి తిరిగొచ్చి నేరుగా పోతే, ముసలి నేతగాడు మమ్మల్ని గడప తొక్కనియ్యనన్నాడు. బావ దగ్గర తన వంతు వచ్చేదాకా విరిగిన పలకకు వెదురు దబ్బ కట్టి ఎలాగో నేస్తున్నాడు, మళ్ళీ మగ్గం ఆపితే కుదరదన్నాడు. నేను వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా లేవలేదు. చివరికి విసుగుపుట్టి, “ఇంకో తూరి సెడిపితే మీ కొట్టం కొయ్యలు పీకి పొయ్యిలో పెడతా,” అని లోపలికి రానిచ్చాడు. మా ఆయన గుంటలోకి దిగి, పాత బెజ్జాల్లో పట్టీ దించి, మర బిగించి, అక్కడే కొయ్య మీద గీతలు వేసుకున్నాడు. ఒక్కో కొలత ఎక్కించాక మర వదులు చేసి ఇంకో దానికి పోయాడు. ఒక్క అంకె కూడా పలకలేదు.

పలక కుదిరింది. ముసలాయన నాడె విసిరాడు. ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. బాగుందని అనలేదు. అలాంటి మాట ఆయన నోట్లో పుట్టదు. ఎదురింటి మగ్గం కూడా చూసి పొమ్మన్నాడు, అదే చాలు.

ఆ ఏడు దాటేసరికి మా కొట్టం ముందు విరిగిన మగ్గం ముక్కలు గోడకు ఆనించి ఉండేవి. కోల అడిగే నాథుడు లేడు. ఎవరి మగ్గానికి ఆ మగ్గమే కొలత. వాడి వాడి అరిగిన బెజ్జాలకు కోల లెక్క కంటే ఇదే బాగా కుదిరేది. నేతవాళ్ళు బావ ఇంటి ముందు నుంచే నడిచి మా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను ఆ దారిన నీళ్ళకు పోయేటప్పుడు కావాలనే నెమ్మదిగా నడిచేదాన్ని.

ఒక రోజు పొద్దున్నే బావ వచ్చాడు. చేతిలో కోల. వాకిట్లో నలుగురు నేతవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందే కోలను మా ఆయన చేతిలో పెట్టాడు.

“తీసుకోప్పా. గాట్లు ఎక్కించుకో. ఏమిటికి రెండు కొట్టాలు? కలిసి సేసుకుందాం,” అన్నాడు.

“సరే అన్నా” అనేస్తాడని నాకు తెలుసు. మా ఆయన కోలను రెండు చేతులా పట్టుకున్నాడు. కళ్ళకు అద్దుకున్నాడు. గాట్ల మీద బొటనవేలు నడిపాడు. తర్వాత దాన్ని తిరిగి అన్న చేతిలో పెట్టాడు.

“నాయన సచ్చిపోయిన దినాల్లో అడిగినా. అప్పుడు ఇయ్యాల్సింది. ఇప్పుడు నాకు పని లేదు దీంతో. నువ్వు పోన్నా,” అన్నాడు.

ఆ గొంతు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. బావ కోల పట్టుకుని, నేతవాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన మా వాకిలి తొక్కలేదు.

నాకు పండగైంది. శనగపప్పు ఉడకేసి, బెల్లం కొట్టి, ఓళిగలు చేశాను. మా ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆకులో వేసినవి తిన్నాడు. నేను ఇంకొకటి తెచ్చి వేసి నెయ్యి పోశాను.

“ఇప్పుడు నీకు సంతోసమేనా?” అన్నాడు. “నాకు అన్న లేకుండా పాయ.”

“అన్న ఉండుంటే కోల ఇచ్చిండేవాడు. నీకు ఈ పొద్దు తెలిసింది, అంతే,” అన్నాను.

ఆయన ఆ ఓళిగ ముట్టుకోకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు. అదే ఆకు ముందు కూర్చుని దాన్ని నేను తిన్నాను. తియ్యగానే ఉంది.